పుస్తకం చూసి వండేటప్పుడు: మేనకోడలికి అత్తయ్య ఉత్తరం

చి.ల.సౌ. మేనకోడలికి, అమలాపురం నుంచి మీ అత్తయ్య దీవించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. మీ మావయ్యకి మోకాళ్ళ నొప్పులు మామూలే. నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచీ రాద్దామనే అనుకుంటున్నాను. ఫోన్లో చెబితే "ఊఁ, ఊఁ" అంటావు, పెట్టేశాక సగం మర్చిపోతావు. కాగితం మీద ఉంటే వంటింట్లో గోడకి అంటించుకుని చూసుకోవచ్చు.

"ఆ అమెరికా వంటల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే మాకరోనీ చీజ్ చేశానత్తయ్యా, అయినా కుదరలేదు. నాకు వంట చేతకాదు" అన్నావు. రెండో మాట నేను ఒప్పుకోను. మొదటి మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఉన్నది ఉన్నట్టు చేయడం నువ్వనుకున్నంత తేలిక కాదమ్మా. అందులో కప్పు అని రాస్తే అది నీ కప్పు కాదు, ఉప్పు అంటే నీ ఉప్పు కాదు, పాలంటే మీ ఇంటికొచ్చే పాలు కావు. ముందు అవేమిటో తెలుసుకో. తెలుసుకున్నాక ఒక్కసారి మాత్రం మారు మాట్లాడకుండా అది చెప్పినట్టు చెయ్యి. ఆ తర్వాత నీ ఇష్టం. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా దీని వివరమే.

పోయిన సంక్రాంతికి నువ్వు నాకిచ్చిన రెండో కాపీ మా వీధిలో తిరగని ఇల్లు లేదు. కంఫర్ట్ ఫుడ్, అంటే మనసుకి హాయినిచ్చే ఇంటి వంట, అని పైన రాసుంది కదా, బొమ్మలు కూడా నోరూరించేలా ఉన్నాయి, ఒకరి తర్వాత ఒకరు పట్టుకెళ్ళారు. ఎదురింటి మాష్టారి కోడలు, వెనక వీధిలో బ్యాంకులో పనిచేసే ఆవిడ, మా మేడ మీద అద్దెకుంటున్న కుర్ర డాక్టరమ్మ, చివరికి మా వదిన కూడా. ఒకళ్ళకి కుదిరింది, ఇంకొకళ్ళకి కుదరలేదు. కుదరని వాళ్ళందరూ ఆడలేక మద్దెల ఓడన్నట్టు పుస్తకాన్నే తిట్టారు. నువ్వు నిన్ను తిట్టుకున్నావు, అంతే తేడా. ఎవరికి ఎక్కడ బెడిసిందో కూర్చుని అడిగితే కారణాలన్నీ బయటపడ్డాయి. అవి నీకు పనికొస్తాయి.

లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని కదా, కొలతల దగ్గరే మొదలుపెడతాను. ఆ పుస్తకం అమెరికా వాళ్ళది. వాళ్ళ కప్పు 240 మిల్లీలీటర్లు. మీ ఇంట్లో టీ కప్పులు 120 ఉంటాయి, 150 ఉంటాయి. రైస్ కుక్కరుతో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180. దేనితో కొలిచావే అని అడిగితే కుక్కరు కప్పుతో అన్నావు. అంటే మాకరోనీ, పాలు, చీజ్ అన్నీ ముప్పాతిక వంతే పడ్డాయి. అన్నీ ఒకే కప్పుతో కొలిచాను కదా, పాళ్ళు ఎందుకు మారతాయి అనుకుంటావు. కప్పులు తగ్గాయి కానీ స్పూన్లు తగ్గలేదమ్మా. మైదా, వెన్న, ఉప్పు స్పూన్ల లెక్క కాబట్టి పూర్తిగా పడ్డాయి. పాలు ముప్పాతిక, మైదా పూర్తి. ఇక అది ముద్దవక ఏమవుతుంది? పైగా ఉప్పగా కూడా ఉందన్నావు. ఉండదూ మరి!

మన అమ్మమ్మల కాలంలో సోల, తవ్వ ఉండేవి. రెండు సోలలు ఒక తవ్వ. ఊరూరికీ తవ్వలో కాస్త తేడా ఉన్నా అన్నం చెడేది కాదు, ఎందుకంటే బియ్యం ఏ తవ్వతో పోస్తే ఎసరూ ఆ తవ్వతోనే పెట్టేవారు. ఇప్పుడు ఈ పుస్తకం కప్పుల్ని, స్పూన్లని, గుడ్లని కలిపి చెబుతుంది. గుడ్డు నీ కప్పుని చూసి చిన్నదవదు. కాబట్టి 240 కప్పు ఒకటి కొనుక్కో. కొలత స్పూన్ల సెట్టు కూడా కొనుక్కో, టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు, టీ స్పూన్ అంటే 5. అన్నం తినే స్పూను ఏ లెక్కకీ రాదు. స్పూన్ నిండా తీసి, పైన చాకు వీపుతో చదును చెయ్యాలి. మైదా విషయంలో గోపురంలా తీస్తే రెండు స్పూన్లు మూడవుతాయి. ఇంకా మంచిది చిన్న కాటా. కప్పు మైదా 120, 125 గ్రాములు తూగాలి. డబ్బాలో కప్పు ముంచి నొక్కి తీస్తే 150 కూడా తూగుతుంది, కేకు ఇటుకలా వస్తుంది.

ఇంక పేర్ల సంగతి. మా వీధిలో ఎక్కువ తగువులు ఇక్కడే వచ్చాయి.

మా వదిన రాజ్మాతో చేసే చిల్లీ అనే కూర మొదలుపెట్టింది. అందులో చిల్లీ పౌడర్ రెండు టేబుల్ స్పూన్లు వెయ్యమని ఉంది. మన ఇంట్లో కొట్టించిన గుంటూరు కారం రెండు టేబుల్ స్పూన్లూ వేసేసింది. వాళ్ళు అమ్మే చిల్లీ పౌడర్ ఉత్త కారం కాదమ్మా. అందులో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిపి ఉంటాయి, కారం మెత్తగా ఉంటుంది. మా అన్నయ్య మంచినీళ్ళు తాగుతూనే "బాగుంది, బాగుంది" అన్నాడు, కళ్ళు మాత్రం ఎర్రగా అయిపోయాయి. ఆ చోట ఒక టీ స్పూను మన కారం, ఒక టీ స్పూను జీలకర్ర పొడి, రెండు వెల్లుల్లి రెబ్బలు వేస్తే సరిపోతుంది.

ఎదురింటి అమ్మాయి కార్న్ బ్రెడ్ చేసింది. కార్న్ మీల్ అని ఉంటే కిరాణా కొట్లో కార్న్ ఫ్లోర్ తెచ్చుకుంది, ఆ తెల్లటి పిండి. అది మంచూరియాలో చిక్కదనానికి వేసేది, ఉత్త గంజిపిండి. దానితో రొట్టె చేస్తే రబ్బరులా సాగింది. కార్న్ మీల్ అంటే పసుపుపచ్చ మొక్కజొన్న, సన్న రవ్వలాగా మరపట్టింది. అమెరికా పుస్తకంలో కార్న్ స్టార్చ్ అని ఉంటే అప్పుడు మన తెల్ల కార్న్ ఫ్లోర్ వెయ్యాలి. ఆ పిల్లే ఇంకోసారి బేకింగ్ పౌడర్ అయిపోయిందని అంతే వంటసోడా వేసింది. సోడా దానికన్నా మూడింతలు ఘాటు. కేకు నిండా సబ్బు వాసన.

బటర్ మిల్క్ అని ఉన్న చోట మన పల్చటి మజ్జిగ పొయ్యకు. వాళ్ళది పులిసి చిక్కగా ఉంటుంది. పుల్ల పెరుగు మూడు వంతులకి ఒక వంతు పాలో నీళ్ళో కలిపి చిలుకు, అది దగ్గరగా వస్తుంది. హెవీ క్రీమ్ అని ఉంటే మన ప్యాకెట్ క్రీమ్ దానికి సాటి రాదు, ఇందులో కొవ్వు 25 శాతం, దానిలో 36కి తగ్గదు. కూరలో చివర కలపడానికి పరవాలేదు కానీ గిలకొడితే మాత్రం నురగలా లేవదు. పులుపున్న కూరలో వేసి మరిగిస్తే విరిగిపోతుంది కూడా.

ఉప్పు సంగతి బ్యాంకు ఆవిడ నుంచి తెలిసింది. పుస్తకంలో కోషర్ సాల్ట్ అని ఉంది. అది రేకు రేకులుగా తేలికగా ఉండే ఉప్పు. స్పూనులో దాని బరువు మన సన్నుప్పులో దాదాపు సగమే, బ్రాండుని బట్టి కొంచెం అటూ ఇటూ. ఆవిడ కోడి ముక్కల్ని ఉప్పు నీళ్ళలో నానబెట్టే వంటకం చేసింది. అన్ని స్పూన్లూ మన ప్యాకెట్ ఉప్పే వేసింది. పిల్లలు ముట్టుకోలేదట. అందుకని ఆ పుస్తకంలో ఉప్పు ఎక్కడ కనబడ్డా సగం వేసి రుచి చూడు. ఇంకో సంగతి, కొట్లో దొరికే వెన్న ప్యాకెట్లో ఎక్కువ భాగం ఉప్పు వెన్నే. పుస్తకంలో ఉప్పు లేని వెన్న అని ఉంటుంది. మనం మజ్జిగ చిలికి తీసే వెన్న ఉప్పు లేనిదే, కాని తడి ఎక్కువ. కూరలకి వాడుకో, కేకుల్లో వద్దు.

ఇప్పుడు నీ మాకరోనీ దగ్గరికి వస్తాను. నువ్వు ఏడ్చింది దానికే కదా.

మీ ఇంటికి వచ్చేవి ఫుల్ క్రీమ్ పాలు, 6 శాతం వెన్న ఉన్నవి. అమెరికాలో మామూలు పాలలో మూడుంబావు శాతం. కాబట్టి ఈ పుస్తకంలో పాలు అని ఎక్కడున్నా టోన్డ్ పాలు కొనుక్కో, అవి 3 శాతం, ఇంచుమించు సరిపోతాయి. లేకపోతే గేదె పాలలో సగానికి సగం కాకపోయినా మూడో వంతు నీళ్ళు కలుపు. మా ఇంటికొచ్చే గేదె పాలతో చేసిన రోజు మీ మావయ్య నాలుగు స్పూన్లు తిని "ఇంక రేపటిదాకా అన్నం అక్కర్లేదు" అన్నారు.

సాస్ చేసేటప్పుడు వెన్న కరగనిచ్చి, మైదా వేసి, సిమ్‌లో రెండు నిమిషాలు వేయించు. పచ్చి పిండి వాసన పోయి, బిస్కెట్ కాలుస్తున్న వాసన రావాలి. రంగు మాత్రం మారకూడదు. పాలు వేరే పొయ్యి మీద గోరువెచ్చగా ఉంచుకో. గిన్నె దించి, ముందు పావు కప్పు పాలు పోసి గట్టిగా కలుపు. అప్పుడది పిడచలా అవుతుంది, ఖంగారు పడకు. ఇంకో పావు కప్పు పొయ్యి, కలుపు. వదులవుతుంది. అప్పుడు మిగతావి సన్న ధారగా పోస్తూ, పొయ్యి మీద పెట్టి, గరిటె ఆపకుండా తిప్పు. మజ్జిగపులుసులో శనగపిండిని ముందు కొంచెం మజ్జిగలో కలుపుకుని, ఆపైన తక్కినదాంట్లో పోస్తావు చూడు, అదే పద్ధతి. నీకు మజ్జిగపులుసు బాగా వచ్చు. మజ్జిగపులుసు వచ్చినవాళ్ళకి ఈ సాస్ రాకపోవడం ఉండదు. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి, అదే గుర్తు. స్టవ్ ఆపేశాక చీజ్ తురుము వెయ్యాలి. చెడ్డార్ చీజ్ మరిగే సాస్‌లో వేస్తే పలుకు పలుకుగా విరుగుతుంది. నువ్వు వేసిన స్లైసులు ప్రాసెస్డ్ చీజ్, అవి విరగవు గానీ ఉప్పెక్కువ. అందులో వెన్న ఉప్పు, మళ్ళీ ఉప్పు స్పూను. మూడు చోట్ల ఉప్పు పడింది. ఇంకా ఎందుకు ఉప్పగా ఉందని ఆలోచిస్తావేం?

మాకరోనీ ఉడికించేటప్పుడు ప్యాకెట్ మీద రాసిన టైముకన్నా రెండు నిమిషాలు ముందే దించెయ్యి. సాస్‌లో మళ్ళీ ఉడుకుతుంది.

టైము అన్నాను కాబట్టి గుర్తొచ్చింది. ఆ పుస్తకంలో నాకు ఒక్క విషయంలో కోపం. ఉల్లిపాయలు పది నిమిషాల్లో ఎర్రగా, తియ్యగా అయిపోతాయని రాశారు. ఎక్కడా అవ్వవు. సన్నగా తరిగిన ఉల్లిపాయ తేనె రంగుకి వచ్చి, బెల్లంలా తియ్యగా మారాలంటే సన్న సెగ మీద ముప్పావు గంట పడుతుంది. పది నిమిషాల్లో కావాలని పెద్ద మంట పెడితే అంచులు మాడతాయి, లోపల పచ్చిగానే ఉంటుంది. బ్యాంకు ఆవిడ ఉల్లిపాయ సూప్ చేసినప్పుడు ఇదే జరిగింది. ఆఫీసు నుంచి ఆరున్నరకి వచ్చి ఏడుకి సూప్ పెట్టాలనుకుంది పాపం. వంటల పుస్తకాలవాళ్ళు పాళ్ళలో నిజమే చెబుతారు గాని టైము దగ్గర పొదుపు చేస్తారు, గంటన్నర పట్టే వంట అంటే ఎవరూ చెయ్యరని భయం కాబోలు. మన ఉల్లిపాయలు వాళ్ళవాటికన్నా చిన్నవి కూడా. రెండు పెద్ద ఉల్లిపాయలు అంటే మన నాలుగు వేసుకో.

అందుకే వండే ముందురోజు రాత్రి, టీవీ ముందు కూర్చున్నప్పుడైనా, వంటకం మొదలు నుంచి చివరిదాకా చదువు. చాలామంది సామాన్ల జాబితా చూసి మొదలుపెడతారు. ఐదో పేరాలో "రాత్రంతా నానబెట్టాలి" అని ఉంటుంది. చుట్టాలు వచ్చి కూర్చున్నాక నానబెట్టాలని తెలిస్తే చేసేదేముంది? వెన్న పక్కన "డివైడెడ్" అని కనబడితే ఒకేసారి వెయ్యకూడదని, రెండు మూడు చోట్ల కొంచెం కొంచెం వాడాలని. తరిగేవన్నీ ముందే తరిగి, వేరువేరు గిన్నెల్లో పెట్టుకో. పప్పు, వేపుడు అయితే పొయ్యి మీద ఒకటి పెట్టి ఇంకొకటి తరుగుతాం, చేతికి అలవాటు. కొత్త వంటకి ఆ అలవాటు పనికిరాదు.

ఓవెన్ గురించి చెప్పకపోతే ఎదురింటి అమ్మాయి నొచ్చుకుంటుంది. పుస్తకంలో 350 డిగ్రీలు అని ఉంది. ఆ పిల్ల దగ్గరున్న చిన్న ఓవెన్‌లో వేడి పెంచే నాబ్ 250 దాకానే తిరుగుతుంది. "మనదానికి అంత లేదు, ఉన్నంతవరకు పెడదాం" అని 250లో పెట్టేసింది. పైన బొగ్గు, లోపల పచ్చి పిండి. వాళ్ళ డిగ్రీలు ఫారన్‌హీట్, మనవి సెల్సియస్. 32 తీసేసి, 5తో గుణించి, 9తో భాగించు. 350 అంటే మన 177, అంటే 180 లోపే. 400 అంటే 204. 425 అంటే 218. పుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో ఈ మూడూ రాసుకో, ఇంక లెక్క చెయ్యక్కర్లేదు. చిన్న ఓవెన్‌లో పైకడ్డీ దగ్గరగా ఉంటుంది కాబట్టి కింద అరలో పెట్టు, పైన రంగు వస్తుంటే రేకు కాగితం కప్పు. మధ్యలో కరెంటు పోతే తలుపు తియ్యకు. లోపలి వేడి కాసేపు నిలుస్తుంది.

ఓవెన్ లేని వాళ్ళు భయపడక్కర్లేదు. మా డాక్టరమ్మ కుక్కర్లో ఇసుక పోసి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి, స్టాండు మీద గిన్నె పెట్టి కేకు చేస్తుంది, మహా బాగా వస్తుంది. పుస్తకంలో డచ్ ఓవెన్ అని ఉంటే మా వదిన అదేదో కొత్త రకం ఓవెన్ అనుకుని కొడుకుని ధర కనుక్కోమంది. అది మూతున్న దళసరి ఇనప గిన్నె, అంతకన్నా ఏమీ లేదు. మన మినపరొట్టె కాల్చే ఇనప మూకుడు ఉంటే అది చాలు. అమెరికాలో కూడా ఆరుబయట వండుకునేటప్పుడు ఆ గిన్నె మూత మీద నిప్పులు పెడతారు. మా అమ్మ మినపరొట్టె ఎలా కాల్చేదనుకున్నావు? కుంపటి మీద మూకుడు పెట్టి, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు పోసేది. ఓవెన్ అనే పేరు వినకుండానే పైనా కిందా వేడి పెట్టడం మనవాళ్ళకి తెలుసు.

మినపరొట్టెకి ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యప్రవ్వ. పప్పు మెత్తగా గట్టిగా రుబ్బి, నానిన రవ్వ పిండేసి కలిపి, మూకుట్లో నూనె కాస్త ఎక్కువే పోసి, రెండు వేళ్ళ మందాన పిండి వేసి, మూతపెట్టి సిమ్‌లో ఉంచు. అంచులు మూకుడుని వదిలి, అట్టకాడ పెడితే మొత్తం కదిలినప్పుడు తిప్పాలి. ముందే తిప్పితే విరుగుతుంది. ఇది అడగకుండానే రాస్తున్నాను, ఎందుకో తర్వాత చెబుతాను.

మా వీధిలో అందరికన్నా బాగా కుదిరింది డాక్టరమ్మకి రొంప పట్టినప్పుడు బ్యాంకు ఆవిడ చేసిపెట్టిన చికెన్ సూప్. ఉల్లిపాయ సూప్ చెడిందని ఆ పుస్తకం మీద అలిగి ఉన్న మనిషి, మళ్ళీ ఏం బుద్ధి పుట్టిందో గాని, అక్షరం తప్పకుండా చేసింది. పుస్తకంలో వెయ్యమన్న సెలెరీ అనే కాడకూర అమలాపురంలో ఎక్కడ దొరుకుతుంది? దాని బదులు కొత్తిమీర కాడలు వేసింది, ఆకులు వెయ్యలేదు. చికెన్ షాపులో మనకి తోలు తీసి ఇస్తారు. సూప్‌కి తోలుతోనే కొట్టమని చెప్పింది, మెడ ముక్కలూ కాళ్ళూ అడిగి తెచ్చుకుంది. నాటుకోడి అయితే ఇంకా బాగుంటుంది గాని ఉడకడానికి రెండింతలు పడుతుంది.

ఈ సూప్‌లో పనితనమంతా సెగలో ఉంది. చల్లటి నీళ్ళలో ముక్కలు వేసి పెట్టాలి. పొంగు వచ్చే ముందు బూడిద రంగు తెట్టు పైకి వస్తుంది, దాన్ని గరిటెతో ఓపిగ్గా తీసెయ్యాలి. తర్వాత సెగ బాగా తగ్గించి, గిన్నెలో ఒక మూల బుడగ లేచి, అది పగిలాక ఇంకో మూల ఇంకోటి లేచేలా ఉంచాలి. కుతకుత ఉడికితే కొవ్వు నీళ్ళలో కలిసిపోయి సూప్ తెల్లబారి జిడ్డుగా అవుతుంది. సిమ్‌లో పెట్టినా మన పెద్ద బర్నర్ మీద కుతకుతలాడుతూనే ఉంటుంది, చిన్న బర్నర్ మీదకి మార్చు. ఆవిడ ఇలాగే చేసింది. పైనుంచి చూస్తే గిన్నె అడుగు కనబడింది, అంత తేటగా ఉంది. ఉప్పు, నాలుగు మిరియాలు, అంతే. అల్లం వెల్లుల్లి లేదు, పచ్చిమిర్చి లేదు, గరం మసాలా లేదు. డాక్టరమ్మ రెండు గిన్నెలు తాగి, కాగితం మీద "పోపు లేకుండా మిరియాల చారు ఇంత బాగుంటుందనుకోలేదండీ" అని రాసి పంపింది.

అక్కడే నేను చెప్పేది. మన చేతికి పోపు వెయ్యకుండా ఉండడం కష్టం. చప్పగా ఉంటుందేమోనని మా వదిన బంగాళదుంప మాష్‌లో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి, నిమ్మకాయ పిండింది. బాగానే ఉంది. కాని అది బంగాళదుంప ముద్దకూర, నేను నలభై ఏళ్ళుగా తింటున్నదే. పుస్తకం దేనికి? ఒక్కసారి వాళ్ళు చెప్పినట్టు వెన్నా పాలూ వేడి చేసి పోసి, జల్లెడలో దుంప రుద్ది తిని చూడు. నచ్చకపోతే రెండోసారి పోపు పెట్టుకో. ఎవరూ అడగరు. మొదటిసారే మార్చేస్తే, చెడింది నీ మార్పు వల్లో, పుస్తకం వల్లో ఎన్నటికీ తేలదు. లెక్కలో రెండు అంకెలు ఒకేసారి మార్చి, జవాబు ఎందుకు తప్పిందని అడిగే పిల్లల్ని చాలామందిని చూశాను.

సామాను దొరకక మార్చడం వేరు, అది తప్పదు. గొడ్డు మాంసం స్టూ ఉన్న చోట మేం వేటమాంసం వేశాం. ముక్కల్ని గుడ్డతో తడి తుడిచి, నాలుగైదు చొప్పున వేసి ఎర్రగా కాల్చమని రాశారు. అది మాత్రం తూచా తప్పకుండా చెయ్యి. ముక్కలన్నీ ఒకేసారి గుమ్మరిస్తే నీరు ఊరి ఉడుకుతాయి గాని కాలవు. తర్వాత కుక్కర్లో పెట్టేసుకో, మూడు గంటల పని ముప్పావు గంటలో అవుతుంది.

బియ్యంతో చేసే పుడ్డింగ్ ఒకటి ఉంది, మన పరమాన్నానికి దూరపు చుట్టం. అందులో నీళ్ళ లెక్క, పాల లెక్క నమ్మకు. ఏ బియ్యమో బట్టి మారుతుంది. మా ఇంట్లో స్వర్ణ, అదే ఎం.టి.యు. 7029, మన మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చింది. మీ ఇంట్లో సాంబ మసూరి తింటారు, బాపట్ల వాళ్ళది, 1986 నాటిది. రెండూ ఒకేలా ఉడకవు. పాత బియ్యం పాలు ఎక్కువ తాగి పలుకుగా ఉంటాయి. కొత్త బియ్యం తొందరగా మెత్తబడి అంటుకుంటాయి. భోజనానికి కొత్త బియ్యం వస్తే మనం మూతి ముడుస్తాం గాని ఈ పుడ్డింగ్‌కి అవే కావాలి. దాళ్వా, అదే రెండో పంట, బియ్యం మిల్లు నుంచి వచ్చిన వారంలోనే చేసి చూడు, పాలతో కలిసి దానంతట అదే చిక్కబడుతుంది.

పెన్సిల్ సంగతి. పుస్తకం ఖరీదైందని దాచుకోకు. పక్కన రాయి. "ఉప్పు సగం", "మా ఓవెన్‌లో పావుగంట తక్కువ", "ఆయనకి నచ్చలేదు, నాకు నచ్చింది" అని, ఏదైనా సరే. తేదీ కూడా వెయ్యి. ఎందుకంటే కాలం కూడా వంటని మారుస్తుంది. బ్రెడ్ పిండి గంటన్నర పొంగనివ్వమని ఉంటుంది. మే నెలలో మన ఉక్కపోతకి అందులో సగం టైముకే పొంగి, పులిసిపోతుంది. ఇడ్లీ పిండి పొంగి గిన్నె దాటడం చూస్తూనే ఉంటావుగా. డిసెంబరులో అదే పిండికి గంటన్నర కూడా చాలకపోవచ్చు. టైము చూడకు, పిండి రెండింతలైందో లేదో చూడు. నా కాపీలో ఇప్పుడు మా వీధి అందరి చేతిరాతా ఉంది. కార్న్ బ్రెడ్ పేజీలో ఎదురింటి అమ్మాయి ఒకే ఒక్క మాట రాసింది, అది ఇక్కడ రాయలేను.

చివర్లో ఖాళీ పేజీలు నాలుగున్నాయి. అందులో మన ఇంటివి రాసుకో. మినపరొట్టె అందుకే చెప్పాను. ముద్దపప్పు, కందా బచ్చలి ఆవపెట్టిన కూర, కొబ్బరి మామిడికాయ పచ్చడి నీకు ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొస్తోంది. నువ్వు వండేటప్పుడే 240 కప్పుతో కొలిచి రాసుకో. "ఎంత వెయ్యాలత్తయ్యా" అంటే "తగినంత" అంటున్నానని నీకు కోపం కదా, కొలిచి చెబితే ఇద్దరికీ తీరుతుంది. పులస పులుసు మాత్రం రాయకు. వరద గోదారిలో ఎదురెక్కి వచ్చిన చేప దొరికిన రోజు ఎలాగూ ఫోన్ చేస్తావు, అప్పుడు వీడియోలో పక్కనే ఉండి చేయిస్తాను. అంత డబ్బు పోసి కొన్నదాన్ని పుస్తకం చూసి వండే ధైర్యం నాకే లేదు.

ముందు చికెన్ సూప్ చెయ్యి. ఓవెన్ అక్కర్లేదు, చీజ్ అక్కర్లేదు, చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. తర్వాత బంగాళదుంప మాష్. మాకరోనీ మూడోది, టోన్డ్ పాలు, చదును చేసిన స్పూను, ఉప్పు చివర రుచి చూసి వెయ్యి. కేకుల జోలికి కాటా కొన్నాకే వెళ్ళు. ఒకే వారంలో అన్నీ చెయ్యకు, మీ ఆయన ఆఫీసు క్యాంటీన్‌కి అలవాటు పడిపోతాడు.

దసరాకి వచ్చేటప్పుడు పసుపుపచ్చ మొక్కజొన్న రవ్వ ఒక కిలో తీసుకురా, ఇక్కడ దొరకడం లేదు. ఎదురింటి అమ్మాయి మళ్ళీ చేస్తానంటోంది. చెడ్డార్ కూడా ఒక ముక్క తెస్తే మంచిదే, ఐస్ పెట్టిన డబ్బాలో పెట్టి తీసుకురా, రైల్లో కరిగిపోకుండా. మీ నాన్నకి బీపీ మాత్రలు మానొద్దని చెప్పు.

ఉంటాను.

మీ అత్తయ్య